ఇల్లంతా 710 అక్కర్లేదు: ప్లైవుడ్, బ్లాక్ బోర్డు, ఎండీఎఫ్, పార్టికల్ బోర్డు ఎక్కడెక్కడ వాడాలి

మీరు అడిగింది ఇదీ. తెనాలిలో రెండు పడగ్గదుల ఇల్లు, కింది అంతస్తు, ప్లాస్టరింగ్ అయిపోయింది, కబోర్డుల పని మొదలుపెట్టాలి. మీ వడ్రంగి ఇల్లంతా 710 మెరైన్ ప్లై, అంటే నీళ్లకి పొరలు విడని ప్లైవుడ్, పడాల్సిందే అంటున్నాడు. విజయవాడ నుంచి వచ్చి కొలతలు తీసుకెళ్లిన మాడ్యులర్ వాళ్లు (ఫ్యాక్టరీలో కబోర్డులు చేసి తెచ్చి బిగించేవాళ్లు) ప్లై పాతకాలం సరుకు, హెచ్‌డీహెచ్ఎంఆర్ అనే గట్టి పీచు బోర్డు వేయించుకోండి అన్నారు. హైదరాబాదులో ఉన్న మీ బావగారు ఫ్లాటంతా చెక్క పొట్టు నొక్కి చేసే పార్టికల్ బోర్డుతోనే చేయించుకున్నారు, ఆరేళ్లయినా ఏమీ కాలేదు, ఎందుకు డబ్బు తగలేస్తారు అంటున్నారు. ఎవరి మాట వినాలి?

ముగ్గురూ అబద్ధం చెప్పడం లేదు. ఎవరికి అలవాటైన సరుకు గురించి వాళ్లు చెబుతున్నారు. మీ వడ్రంగికి ప్లై మీద చెయ్యి తిరిగి ఉంటుంది. మాడ్యులర్ వాళ్ల యంత్రాలకి ఎగుడుదిగుడు లేని నున్నటి బోర్డు కావాలి. మీ బావగారిది పై అంతస్తు ఫ్లాటు అయ్యుంటుంది, నేల తడిగుడ్డతో తుడుస్తారు తప్ప నీళ్లు కొట్టి కడగరు. నేను గుంటూరులో ఇరవై ఆరేళ్లుగా ఈ పనిలో ఉన్నాను. మొదటి పదేళ్లు రంపం పట్టాను, ఆ తర్వాత కాంట్రాక్టు. పాడైన కబోర్డులు విప్పి చూసినప్పుడల్లా నాకు కనపడింది ఒకటే: షీటు మధ్యలో పాడవదు. అంచులో పాడవుతుంది, లేదంటే స్క్రూ దిగిన చోట పాడవుతుంది. నీళ్లు ఎక్కేది అంచులోంచి, బరువు వేలాడేది స్క్రూ మీద. అందుకని మీరు ఒక్కో ముక్కనీ పట్టుకుని రెండే ప్రశ్నలు వేయండి. దీని అంచుకి నీళ్లు తగులుతాయా? దీని స్క్రూల మీద ఎంత బరువు పడుతుంది? అలా చూస్తే 710 పడాల్సిన చోట్లు మీ ఇంట్లో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. పార్టికల్ బోర్డు చచ్చినా పెట్టకూడని చోట్లు కూడా తేలిపోతాయి.

ఈ తెలివి నాకు మా ఇంట్లోనే వచ్చింది. 2008లో ఒక పార్టీ పని అయ్యాక రెండు మూడు ప్రీలామ్ (లామినేట్ ముందే అతికించి వచ్చే) పార్టికల్ బోర్డు షీట్లు మిగిలితే, పారేయడం ఎందుకని మా వంటింట్లో సింకు కింద బాక్సు చేశాను. కోసిన అంచుల్లో ముందువైపు మాత్రమే అంచు మూసే టేపు వేశాను, వెనకవైపు ఎవరు చూస్తారులే అని వదిలేశాను. రెండో సంక్రాంతికి ఇల్లు కడిగాక మా ఆవిడ పిలిచి చూపించింది. కింది పలక వెనక అంచు టీలో ముంచిన రస్కులా ఉబ్బి, వేలితో గీరితే పొట్టు రాలుతోంది. ముందు నుంచి చూస్తే మాత్రం కొత్తదానిలాగే మెరుస్తోంది. లామినేట్ అతికించిన పైభాగానికి నీళ్లు ఏమీ చేయలేదు. పావలా టేపు దగ్గర కక్కుర్తి పడ్డందుకు బాక్సు మొత్తం పీకాల్సి వచ్చింది.

షీట్లు ఎలా తయారవుతాయో తెలిస్తే ఎందుకలా అవుతుందో మీకే అర్థమవుతుంది. ప్లైవుడ్‌కి దుంగని నానబెట్టి, గిర్రున తిప్పుతూ పొడుగాటి కత్తికి ఆనిస్తారు. పెన్సిల్ చెక్కితే పొర వచ్చినట్టు కాగితం చుట్టలా పల్చటి చెక్క పొర వస్తుంది. ఆ పొరలని ఒకటి నిలువు, ఒకటి అడ్డం పేర్చి, జిగురు పెట్టి, వేడి ప్రెస్సులో నొక్కుతారు. రెండువైపులా సమానంగా ఉండాలి కాబట్టి పొరలు ఎప్పుడూ బేసి సంఖ్యలోనే ఉంటాయి. చెక్క నీళ్లు తాగితే అడ్డంగా ఉబ్బుతుంది, పొడవునా దాదాపు ఉబ్బదు. పక్క పొర పొడవు ఈ పొర అడ్డాన్ని పట్టుకుని ఆపుతుంది. ప్లై బలమంతా ఆ పేర్పులో ఉంది.

బ్లాక్ బోర్డులో పైనా కిందా ప్లై పొరలే, మధ్యలో మాత్రం ఓ అంగుళం వెడల్పు చెక్క పట్టీలు పక్కపక్కన పేరుస్తారు, ఎక్కువగా పైన్. తేలిగ్గా ఉంటుంది, నిలువుగా నిలబెడితే వంకర పోదు. పార్టికల్ బోర్డు అంటే చెక్క పొట్టు, చిన్న చిన్న ముక్కలు జిగురుతో కలిపి నొక్కింది. చెరకు పిప్పితో చేసేవీ ఉన్నాయి. మా నాన్నగారి తరం వాళ్లు దీన్ని ఇప్పటికీ నోవోపాన్ అనే అంటారు. అది పటాన్‌చెరు ఫ్యాక్టరీ బ్రాండు పేరు, మన దగ్గర సరుకు పేరే అయిపోయింది. ఎండీఎఫ్‌కి చెక్కని ఆవిరిలో ఉడికించి దూదిలాంటి పీచు చేసి, ఆ పీచుని నొక్కుతారు. మన జామాయిల్, సుబాబుల్, సర్వి ఇప్పుడు కాగితం మిల్లులకే కాదు, దీనికీ పోతున్నాయి. శ్రీకాళహస్తి దగ్గరా బద్వేలు దగ్గరా పెద్ద ఎండీఎఫ్ ఫ్యాక్టరీలే వచ్చాయి. హెచ్‌డీహెచ్ఎంఆర్ అంటే అదే పీచుని ఇంకా గట్టిగా నొక్కి, తేమ తట్టుకునే జిగురు కలిపింది. ఒక మాట గుర్తుంచుకోండి: హెచ్‌డీహెచ్ఎంఆర్ అనేది బజారులో పుట్టిన పేరు, ఐఎస్ఐ ప్రమాణం పేరు కాదు. ఎవరైనా ఆ ముద్ర కొట్టుకోవచ్చు. అలాగే పచ్చగా కనపడే ఎండీఎఫ్ తేమ తట్టుకుంటుందంటారు. పచ్చ రంగు గుర్తు కోసం కలిపే రంగే, నీళ్లని ఆపేది లోపలి జిగురు. రంగు చూసి మోసపోకండి.

ఇక ప్లైలో ఈ నెంబర్ల గొడవ. ఐఎస్ 303 మామూలు వాడకం ప్లైవుడ్ ప్రమాణం. అందులో ఎంఆర్ అని ఒకటి, బీడబ్ల్యూఆర్ (మరిగే నీళ్లని తట్టుకునేది) అని ఒకటి. కొట్లో 'కమర్షియల్' అంటే ఎంఆర్. ఎంఆర్ అంటే తేమని తట్టుకునేది, అంతవరకే. తేమకీ నీళ్లకీ చాలా తేడా ఉంది. వానాకాలం గాలిలో చెమ్మ తేమ, సింకు పైపు కారడం నీళ్లు. ఐఎస్ 710 మెరైన్ ప్లై ప్రమాణం, దాని ముక్క 72 గంటలు మరిగే నీళ్లలో ఉన్నా పొరలు విడకూడదు, పురుగు మందూ పట్టించి ఉండాలి. ఈ తేడా అంతా చెక్కలో కన్నా జిగురులో ఎక్కువ. ఎంఆర్‌కి యూరియా జిగురు, అది వేడి నీళ్లకి కరుగుతుంది. 710కి ఫినాల్ జిగురు, కరగదు. ఫినాల్ జిగురు గీతలు ముదురు గోధుమ రంగులో కనపడతాయి కదా అని కోర్, అంటే లోపలి పొరలు, ఎర్రగా ఉంటే 710 అనుకునేరు. ఎర్ర రంగు కలపడం ఏమంత పెద్ద విద్య కాదు.

నేను చేసే పరీక్ష చాలా మోటుది. శాంపిల్ షీటులోంచి రెండంగుళాల ముక్కలు నాలుగు కోయించుకుంటాను. ఇంట్లో పనికిరాని అల్యూమినియం గిన్నెలో నీళ్లు పోసి, ముక్కలు వేసి, పైన రాయి పెట్టి మరగబెడతాను. ఎంఆర్ ముక్క గంట తిరక్కుండానే మూలల్లో ఆకుల్లా విచ్చుకుంటుంది. నీళ్లు టీ డికాషన్‌లా మారతాయి. సరైన 710 ముక్క పొద్దున్నించి సాయంత్రం దాకా మరిగినా, తీసి గోరు పెట్టి లాగితే పొర రాదు, వస్తే జిగురు దగ్గర కాకుండా చెక్క చిరిగి వస్తుంది. 72 గంటలు మనం గ్యాసు తగలేయక్కర్లేదు, 710 పేరుతో ఎంఆర్ అంటగట్టే దొంగని పట్టడానికి ఎనిమిది గంటలు చాలు. కొన్నేళ్ల క్రితం ఒక పనికి దిగిన సరుకులో, 710 అని ముద్ర ఉన్న షీటు ముక్క మధ్యాహ్నం భోజనాల లోపే విడిపోయింది. షీట్లన్నీ తిప్పి పంపాం. కొట్టతను పెద్దగా వాదించలేదు కూడా.

మరిగించే ఓపిక లేకపోతే ఫోన్ తీయండి. షీటు మీద ఐఎస్ఐ గుర్తు కింద సీఎం/ఎల్ అని ఒక నెంబరు ఉంటుంది. బీఐఎస్ కేర్ అనే యాప్‌లో ఆ నెంబరు కొడితే లైసెన్సు ఎవరిదో, ఏ ప్రమాణానికిచ్చారో, ఇంకా నడుస్తోందో లేదో చూపిస్తుంది. 303కి లైసెన్సు తీసుకుని 710 ముద్ర కొట్టినా అక్కడే దొరికిపోతుంది. 2025 నుంచి ప్లైవుడ్‌కీ ఈ బోర్డులకీ ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి చేస్తూ కేంద్రం ఉత్తర్వు అమల్లో పెట్టింది. అయినా గుర్తు లేని సరుకు ప్లెయిన్ సరుకు, పాత సరుకు అంటూ తిరుగుతూనే ఉంటుంది. 'లైఫ్ టైం గ్యారంటీ' అన్న ముద్ర చూసి మురిసిపోకండి, ఎవరి లైఫో అందులో రాసి ఉండదు.

కోర్ చెక్క గురించి కొంత చెప్పాలి, ఎందుకంటే పెద్దవాళ్లు మీతో 'మా రోజుల్లో ప్లై' అని మొదలుపెడతారు. వాళ్లు చెప్పేది నిజమే. అప్పట్లో ఈశాన్య అడవుల చెక్క, బర్మా నుంచి గర్జన్ అనే చెట్టు చెక్క వచ్చేవి. 1996 డిసెంబరులో, అడవుల నరికివేత మీద వేసిన గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టు ఉత్తర్వుతో ఈశాన్యంలో మిల్లులు మూతపడ్డాయి. 2014లో మయన్మార్ దుంగల ఎగుమతే ఆపేసింది. ఇప్పుడు మనకొచ్చే ప్లైలో లోపలంతా తోట చెక్కే: హర్యానా యమునానగర్ వైపు నుంచైతే పాప్లర్, జామాయిల్, కేరళ పెరుంబావూరు వైపు నుంచైతే రబ్బరు చెట్టు, సిల్వర్ ఓక్, ఇప్పుడిప్పుడే మలబార్ వేప. పైపొరకి మాత్రం గర్జనో, ఆఫ్రికా ఒకౌమేనో అంటిస్తారు. తోట చెక్క చెడ్డదనను. పాప్లర్ తేలిక, స్క్రూ పట్టు తక్కువ. జామాయిల్ బరువు, పట్టు గట్టిది, సరిగ్గా ఆరబెట్టకపోతే వంకర. షీటు ఎత్తి చూస్తే సగం తెలిసిపోతుంది. 8 అడుగులు బై 4 అడుగుల 18 ఎంఎం షీటు మంచి ప్లై అయితే 33 నుంచి 36 కేజీల దాకా తూగుతుంది. అదే కొలత ఎండీఎఫ్ 40 దగ్గర, హెచ్‌డీహెచ్ఎంఆర్ 45 దాటుతుంది. 18 ఎంఎం ప్లై అని ఇచ్చింది 27 కేజీలే ఉందంటే లోపల అంతా మెత్తటి చెక్కైనా అయ్యుండాలి, ఖాళీలైనా ఉండాలి. ఒక్కోసారి మందమే 16న్నర ఉంటుంది. మందం కొలిచే వెర్నియర్ ఒకటి కొనుక్కోండి, నాలుగు మూలలా కొలవండి. రంపం కోసిన అంచుని వెలుతురుకి పట్టి చూడండి, పొరల మధ్య నల్లటి గుంటలు కనపడితే వాటిలోకే రేపు మీ స్క్రూ దిగుతుంది.

స్క్రూల దగ్గరే ఆగుదాం, అసలు కథ ఇక్కడే. ప్లైలో స్క్రూ అడ్డం పొరలనీ నిలువు పొరలనీ గుచ్చుకుంటూ దిగుతుంది. విప్పి మళ్లీ బిగించినా పట్టుకుంటుంది. ఎండీఎఫ్‌లో పైభాగంలో బాగానే పట్టుకుంటుంది గానీ, అంచులోకి బెజ్జం వేయకుండా కొడితే పుస్తకం విప్పినట్టు రెండుగా చీలుతుంది. పార్టికల్ బోర్డులో మొదటిసారి బిగింపే గట్టి, రెండోసారి లూజు, మూడోసారి అగ్గిపుల్ల ముక్కలు దోపాల్సిందే. మాడ్యులర్ వాళ్లు మినీఫిక్స్ అనే తిప్పి బిగించే జాయింటు వేసేది ఇందుకే, ఫ్యాక్టరీలో కొలత ప్రకారం బెజ్జం పడుతుంది, బరువు పంచుకుంటుంది. వాళ్ల పద్ధతిలో వాళ్ల బోర్డు బాగానే నిలుస్తుంది. మీ వడ్రంగి చేత్తో డ్రిల్లు పట్టుకుని పార్టికల్ బోర్డు బిగిస్తే నిలవదు. అందుకే సరుకు ఎంచుకునేటప్పుడు చేసే చెయ్యిని కూడా లెక్కలోకి తీసుకోవాలి. అద్దె ఇళ్లు మారేవాళ్లయితే, ప్రతిసారీ విప్పి బిగించే సామానుకి పార్టికల్ బోర్డు పనికిరాదు. మీది సొంత ఇల్లు కాబట్టి ఆ బాధ లేదు.

హింజ్ ఊడిపోవడం గురించి చాలామంది హింజ్ కంపెనీని తిడతారు. ఊడేది హింజ్ కాదు, అది పట్టుకున్న బోర్డు. రెండడుగుల వెడల్పు, ఏడడుగుల పొడవు తలుపు హెచ్‌డీహెచ్ఎంఆర్‌తో చేస్తే తలుపు ఒక్కటే 20 కేజీలు. మీద అద్దం అంటిస్తే ఇంకా. అలాంటిదానికి రెండు హింజులు పెట్టి వదిలేసేవాళ్లున్నారు. నాలుగు పెట్టించండి, కుదిరితే ఐదు. నన్నడిగితే ఆ పొడుగు తలుపులకి బ్లాక్ బోర్డే వాడతాను. తేలిక, వంకర పోదు. షరతేంటంటే లోపలి పట్టీలు తలుపు పొడవు దిశలో ఉండేలా కోయాలి. వడ్రంగి షీటు మిగుల్చుకోవాలని అడ్డంగా కోస్తే అది అడ్డంగానే పనిచేస్తుంది. ఇంకొకటి: బయట మైకా (లామినేట్) వేసి లోపల పెయింటు కొడితే ఏ షీటైనా విల్లులా వంగుతుంది. ఒకవైపు చెమ్మ పోదు, ఒకవైపు పోతుంది మరి. బయట 1 ఎంఎం మైకా వేస్తే లోపల పల్చటి లైనర్ మైకా అయినా వేయించాలి.

అరలు కుంగడం ఇంకో గొడవ. మీ పడగ్గదిలో మూడడుగుల వెడల్పు అరలు గీశారన్నారు. ఒక లెక్క చెబుతాను. అర పొడవునా సమానంగా బరువు పేరిస్తే, కుంగడం పొడవుకి నాలుగో ఘాతంలో పెరుగుతుంది. రెండడుగుల అరని మూడడుగులు చేస్తే కుంగడం ఒకటిన్నర రెట్లు కాదు, అయిదు రెట్లు. అదే మందం పెంచితే మూడో ఘాతంలో తగ్గుతుంది. 18 ఎంఎం తీసి 25 వేస్తే కుంగడం మూడో వంతుకి కాస్త పైన ఆగుతుంది. పార్టికల్ బోర్డు, ఎండీఎఫ్‌ల బిగువు మంచి ప్లైలో సగం కూడా ఉండదు, పైగా అవి ఎండాకాలం వానాకాలం తిరిగేకొద్దీ మెల్లగా కుంగుతూనే ఉంటాయి. చీరల మడతలకి ఫరవాలేదు. పుస్తకాలు, ఇత్తడి బిందెలు, అటక మీద పెట్టే స్టీలు సామాను అయితే రెండడుగులకి మించొద్దు. మించితే ప్లై వేయండి, ముందు అంచుకి కింద రెండంగుళాల పట్టీ కొట్టించండి. ఆ పట్టీ చేసే మేలు షీటు మార్చడం కన్నా ఎక్కువ. ప్లైలో కూడా పైపొర గీతలు అర పొడవు వెంట ఉండేలా కోయమనండి.

ఇప్పుడు మీ వంటిల్లు. ప్లాస్టరింగ్ అయింది గానీ గ్రానైట్ ప్లాట్‌ఫారం ఇంకా వేయలేదని రాశారు. అలా అయితే మీ చేతిలో మాడ్యులర్ వాళ్లు చెప్పని దారి ఒకటుంది: కడప బండ. ప్లాట్‌ఫారం కింద నిలువు బండలు, అడ్డం అరలు కడప బండతో కట్టించి, ముందు తలుపులు మాత్రం చెక్కతో పెట్టించుకోండి. మన అమ్మల వంటిళ్లలో ఉన్న పద్ధతే. పండగకి బక్కెట్లతో నీళ్లు కొట్టి కడిగే ఇంట్లో, 30 కేజీల నిండు గ్యాసు బండ లాగి పెట్టే ఇంట్లో, 26 కేజీల బియ్యం బస్తా దించే ఇంట్లో దాన్ని మించింది నేను చూడలేదు. నీళ్లకి ఉబ్బదు, చెద తినదు, కుంగదు. హింజ్ బిగించడానికి ముందు అంచుల్లో చెక్క పట్టీ కావాలి, అంతే. సొరుగుల ఛానెళ్లు కావాలంటే ఆ ఒక్క గడిలో ప్లై బాక్సు దించాలి. కొత్త డిజైన్ల సొగసు రాదు, ఆ మాట ఒప్పుకుంటాను. మీ ఇంట్లో వాళ్లకి ఆ సొగసే ముఖ్యమైతే ఈ పేరా వదిలేయండి.

చెక్క బాక్సులే కావాలంటే, సింకు బాక్సు ఒక్కటి మాత్రం 710. ఎంత పడుతుందో లెక్క వేద్దాం. మూడడుగుల సింకు బాక్సు: పక్క పలకలు రెండు, 22 బై 28 అంగుళాలు. కింది పలక 36 బై 22. ముందూ వెనకా పైపట్టీలు 36 బై 4 చొప్పున రెండు. మొత్తం 16 చదరపు అడుగులు. షీటు 32 అడుగులు కాబట్టి సగం షీటు! దీనికోసం ఇల్లంతా 710 వేయక్కర్లేదు, దీని దగ్గర 710 తగ్గించనూ అక్కర్లేదు. మిగతా సగం షీటు పొయ్యి పక్క బాక్సు కింది పలకకీ, గ్రైండరు పెట్టే చోటుకీ వస్తుంది. వంటింట్లో మిగతా కింది బాక్సులకి ఐఎస్ఐ ఉన్న బీడబ్ల్యూఆర్ సరిపోతుంది. పై బాక్సులకి నీళ్లు రావు, ఆవిరి వస్తుంది, అక్కడ హెచ్‌డీహెచ్ఎంఆర్ అయినా బీడబ్ల్యూఆర్ అయినా మీ ఇష్టం. బాక్సులు నేలకి ఆనకుండా నాలుగంగుళాల ప్లాస్టిక్ కాళ్ల మీద నిలబెట్టి, ముందు గ్రానైట్ స్కర్టింగ్ పెట్టించండి. పైపులు దూరడానికి కోసిన గుండ్రటి బెజ్జాల అంచులకి ఎవరూ ఏమీ పూయరు, అక్కడ వార్నిషో ఎపాక్సీయో దగ్గరుండి పూయించండి. నా అనుభవంలో సింకు బాక్సుల్లో మొదట ఉబ్బేది ఆ బెజ్జమే.

వంటింటి తలుపులకి మాత్రం మాడ్యులర్ వాళ్ల మాట వింటాను. చిన్న తలుపులు, నున్నటి పెయింటు లేదా గాడి డిజైన్ కావాలంటే హెచ్‌డీహెచ్ఎంఆర్‌కి సాటి లేదు. ప్లై మీద అలాంటి ఫినిషింగ్ రాదు, గాడి కోసే రౌటర్ పెడితే పొరలు లేచిపోతాయి. నాలుగు అంచులకీ యంత్రంతో వేడి జిగురు మీద టేపు పడాలి, నాలుగూ అంటే కింది అంచు కూడా. చేత్తో ఫెవికాల్ పెట్టి అంటించిన టేపు ఆవిరికి ఏడాదిలో మూల లేస్తుంది, అక్కడి నుంచి నీళ్లు దారి వెతుక్కుంటాయి.

పడగ్గది బీరువాలు. బాక్సులు, అరలు 303 ఎంఆర్ ప్లైతో చేయించుకున్నా తప్పులేదు, ఒక్క షరతు మీద: స్నానాల గదిని ఆనుకున్న గోడకి కాకూడదు. ఆ గోడకైతే బీడబ్ల్యూఆర్, వెనక పలకతో సహా. డబ్బు మిగుల్చుకోవాలంటే వెనక పలకలు, లోపలి సొరుగుల అడుగులు, టీవీ వెనక గోడ డిజైన్, పిల్లల చదువు బల్ల పైభాగం ఎండీఎఫ్‌లో చేయించుకోండి. మా దగ్గర బజారులో పార్టికల్ బోర్డుకి అడుగుకి ఎంత పెడతారో మంచి 710కి దాదాపు రెండున్నర, మూడు రెట్లు పెట్టాలి, ఎండీఎఫ్, హెచ్‌డీహెచ్ఎంఆర్ మధ్యలో. టీవీ గోడ డిజైన్‌కి 710 వేయడం కల్లాపి చల్లడానికి మినరల్ వాటర్ కొన్నట్టు. స్నానాల గది తలుపుకి మాత్రం చెక్క షీటు ఆలోచనే వద్దు. ఎంత మంచి ఫ్లష్ డోరైనా కింది అంచు కుళ్లుతుంది. డబ్ల్యూపీసీ (చెక్క పొడి, ప్లాస్టిక్ కలిపి చేసేది) చట్రం, దానికే తగిన తలుపు పెట్టండి. అదే డబ్ల్యూపీసీతో బీరువా అరలు చేయించుకుంటానంటే వద్దంటాను. నీళ్లకి రాయి, బరువుకి మైనం.

పార్టికల్ బోర్డు ఎక్కడ అని అడిగారు కదా. మీ ఇంట్లో, కింది అంతస్తులో, చేత్తో చేసే పనిలో, నాకు చోటు కనపడలేదు. మీ బావగారి ఫ్లాటులో అది సరైన సరుకే.

చెదల సంగతి. తెనాలి నల్లరేగడి మీద కింది అంతస్తు ఇల్లు కాబట్టి దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. చెద మట్టిలోంచి గోడ పగులు వెంట వస్తుంది, షీటు పేరు చూసి ఆగదు. మందు పట్టించిన 710ని వదిలేయొచ్చు గానీ పక్కనున్న గుమ్మం ఫ్రేముని తినేసి మైకా వెనకకి చేరుతుంది. ఎండీఎఫ్ చెద తినదు అని ఎవరైనా అంటే నమ్మకండి. పునాది వేసేటప్పుడు మందు కొట్టించకపోతే, ఫ్లోరింగ్ వేయకముందే గోడ, నేల కలిసే చోట బెజ్జాలు వేసి కొట్టించండి, తర్వాత టైల్స్ పగలగొట్టాలి. పుచ్చు వేరే జబ్బు. అది చెక్కతోపాటే వస్తుంది. అరలో మెత్తటి పిండి కుప్ప కనపడిందంటే కోర్ చెక్కకి మందు పట్టించలేదన్నమాట. రబ్బరు చెట్టు కోర్ అంటే ఈ పురుగుకి మహా ఇష్టం. ఆ షీటు మార్చడం తప్ప, సిరంజితో పొడిచే మందులు ఏడాది దాకానే.

ఇంట్లో చిన్న పిల్లలున్నారన్నారు కాబట్టి వాసన గురించి కూడా. కొత్త కబోర్డు తెరవగానే కళ్లు మండించే ఘాటు యూరియా జిగురులోంచి వచ్చే ఫార్మాల్డిహైడ్. 2004లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ దాన్ని క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది. భయపడి పారిపోవక్కర్లేదు. ఈ1 లేదా ఈ0 (ఫార్మాల్డిహైడ్ తక్కువ వదిలే రకాలు) అని రాసి ఉన్న బోర్డు అడగండి, కోసిన అంచులన్నీ మూయించండి, వాసన వచ్చేది కూడా అంచుల్లోంచే. పిల్లల గది పని ముందు పూర్తిచేయించి, తలుపులు తీసి నెలా రెండు నెలలు గాలాడనివ్వండి. ఏసీ పెట్టి మూసేసుకునే గదికి ఇది మరీ ముఖ్యం.

కొనడానికి వెళ్లినప్పుడు వడ్రంగిని వెంటబెట్టుకెళ్లండి, ధర మాత్రం మీరే మాట్లాడండి. కొట్టువాళ్లు వడ్రంగికి కమీషన్ ఇవ్వడం మా వృత్తిలో దాపరికం లేని సంగతి, నేనూ తీసుకున్న రోజులున్నాయి. 'ఇల్లంతా 710' వెనక కొంత అదీ ఉండొచ్చు, కొంత నిజమైన భయమూ ఉండొచ్చు, రేపు ఏదైనా అయితే మీరు అడిగేది అతన్నే కదా. బిల్లులో కంపెనీ, గ్రేడు, మందం, షీట్ల సంఖ్య రాయించుకోండి. శాంపిల్ చూపించిన షీటు మీద మీ సంతకం పెట్టండి. లారీ దిగినప్పుడు కట్టలో మధ్యలోంచి ఒక షీటు లాగి చూడండి, పైనా కిందా మంచివి పెట్టి మధ్యలో నాసివి దోపడం మామిడి బుట్టల కాలం నుంచీ ఉన్న కళే. గోడకి ఏటవాలుగా నిలబెట్టొద్దు, వారంలో వంగిపోతాయి. ఇటుకల మీద కర్రలు పరిచి, పడుకోబెట్టి పేర్పించండి.

అన్నిటికన్నా ముందు, మీ ప్లాస్టరింగ్ ఇంకా పచ్చిదనుకుంటాను. పచ్చి గోడకి కబోర్డు బిగిస్తే గోడలోని నీళ్లన్నీ వెనక పలక తాగుతుంది, ఆరు నెలల తర్వాత బూజు వాసన వస్తే షీటుని తిడతారు. బీరువా రాబోయే చోట అడుగు చదరం పాలిథీన్ కవరు పెట్టి, నాలుగు వైపులా టేపు అంటించి ఒక రాత్రి వదిలేయండి. పొద్దున లోపలివైపు చెమట పట్టి ఉంటే షీట్లు దింపించొద్దు, పది రోజులాగి మళ్లీ అంటించి చూడండి.